తలుపు పక్క బల్ల

సోమవారం పొద్దున బడికి బయలుదేరేటప్పుడు జెరూషా పెల్టన్ దగ్గరున్న సరుకంతా ఒక్క బుట్టలో పట్టింది. తడిగుడ్డలో చుట్టిన రై పైరు గడ్డి చీలికలు ఒక కట్ట. తమ్ముడు ఈనస్ అరగదీసి పారేస్తే తాను మళ్లీ చెక్కుకున్న బాతు ఈక కలం. ఆవుకొమ్ము అడుగున కాస్త సిరా. మధ్యాహ్నానికి ఒక మొక్కజొన్న రొట్టె ముక్క. బుట్టలో పట్టనిది ఇంకొకటి ఉంది. అది నాన్నకిచ్చిన మాట.

ఆ మాట ముందురోజు సాయంత్రం పొయ్యి దగ్గర కుదిరింది. ఆ ఊళ్లో ఆడపిల్లలు ఎండాకాలం బడిలో చదవడం వరకే నేర్చుకునేవారు. రాత, లెక్కలు చలికాలం బడిలో మాస్టారు మగపిల్లలకు చెప్పేవాడు. ఈ ఏడాదే ఊరిపెద్దలు కాస్త మెత్తబడి, సాయంత్రం చివరి గంటలో ఆడపిల్లలూ కలం పట్టవచ్చన్నారు. జెరూషాకు పదమూడేళ్లు. బైబిల్ ఎక్కడ తెరిచినా తడబడకుండా చదువుతుంది. తన పేరు మాత్రం రాయలేదు.

ఆమె అడిగినప్పుడు అసహెల్ పెల్టన్ కూతురి మొహం చూడలేదు, చేతులు చూశాడు. ఆ చేతులు వారానికి ముప్పై గజాల గడ్డి జడ అల్లుతాయి. ఏడు పాయల జడ, వేలెడు వెడల్పు. దాన్ని విట్కమ్ కొట్లో వేస్తే ఉప్పు వస్తుంది, చెరుకు పాకం వస్తుంది, పిల్లల చొక్కాలకు గుడ్డ వస్తుంది. ఆ జడలే బోస్టన్ చేరి ఆడవాళ్ల టోపీలవుతాయి.

"వెళ్లు, వద్దనను," అన్నాడు అసహెల్. "కానీ జడ తగ్గకూడదు. శనివారం పొద్దు వాలేలోగా ముప్పై గజాలు విట్కమ్ బల్ల మీద ఉండాలి. ఒక్క గజం తగ్గినా ఆ పై సోమవారం నువ్వు ఇంట్లోనే."

"తగ్గకపోతే?"

"ఒక వారం నిలబెట్టుకున్నావంటే చలికాలమంతా నిలబెట్టుకుంటావు. ఇక నేను అడగను."

పొయ్యికి అటుపక్క తిర్జా చంటిపిల్లాడికి పాలిస్తోంది. జెరూషా తల్లి పోయిన రెండేళ్లకు ఆమె అసహెల్‌ను పెళ్లాడి ఆ ఇంటికి వచ్చింది. మాటలు తక్కువ మనిషి. పిల్లాడిని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ, "మరి తొట్టి ఎవరు ఊపుతారు?" అంది.

జెరూషా ఆ మాటను తనకు ఎదురు మాట కిందే జమకట్టుకుంది.

బడి అంటే ఒకే గది. ఒక కొసన పెద్ద పొయ్యి, రెండో కొసన తలుపు. పొయ్యికి కట్టెలు పిల్లలను పంపే ఇళ్లవాళ్లే తోలాలి. పిల్లకో బండి. ఎవరి కట్టె వచ్చిందో వాళ్ల పిల్లలకు పొయ్యి దగ్గర బల్లలు, రానివాళ్లకు తలుపు పక్క బల్ల. అసహెల్ బడికెళ్లే ఇద్దరు కొడుకులకూ రెండు బండ్లు తోలాడు. కూతురు ఎన్నాళ్లు వెళుతుందో తెలియకుండా మూడో బండి ఎందుకని ఊరుకున్నాడు.

అందుకని తమ్ముళ్లిద్దరూ ఎర్రటి మొహాలతో పొయ్యి ముందు కూర్చుంటే అక్క తలుపు పక్క కూర్చుంది. తలుపు కింద సందులోంచి మంచు సన్నగా పిండిలా లోపలికి జారేది. ఆ బల్ల మీద ఆమె తప్ప ఎవరూ లేరు.

"చలిగా ఉందా అక్కా?" అని ఈనస్ వెనక్కి తిరిగి పళ్లికిలించాడు.

"నీ పక్క కూర్చునే కంటే నయమే," అంది జెరూషా.

మాస్టారు స్టెబిన్స్ కాలేజీ ఫీజుల కోసం చలికాలం పాఠాలు చెప్పుకునే కుర్రవాడు. గొంతు పెద్దది, గడ్డం ఇంకా రాలేదు. ఆడపిల్లలు చదువు వింటూ అల్లుకుంటే ఆయనకు అభ్యంతరం లేదు. పెద్దవాళ్లు పద్యాలు వల్లిస్తుంటే, చిన్నవాళ్లు అక్షరాలు అరుస్తుంటే, జెరూషా వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. అంచు పాయ తీసి, రెండిటి కింద నుంచి, ఒకదాని పైనుంచి లోపలికి. మళ్లీ అటు అంచు పాయ. మొదటిపూట గడిచేసరికి ఆమెకు ఒక సంగతి తెలిసింది. గడ్డి అసలు విరగడం లేదు. ఇంట్లో పొయ్యి దగ్గరైతే గంటకోసారి గుడ్డ తడపాలి, తడిపినా కొసలు పెళుసెక్కి పుటుక్కుమంటాయి. ఇక్కడ ఒళ్లో పెట్టుకుని శాలువా కప్పితే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పట్టుదారంలా వంగుతోంది.

లాభం ఉన్నచోటే నష్టమూ ఉంది. రాత గంట వచ్చేసరికి కొమ్ములో సిరా గడ్డకట్టింది. కొమ్మును చంకలో పెట్టుకుని కరిగించింది. కలం ముంచి కాగితం మీద పెట్టేలోగా మళ్లీ ముక్కలు ముక్కలయింది. మాస్టారు గీసిచ్చిన వరుస కింద ఆమె గీసినవి రెండు నల్లటి గీరలు, ఒక చిరుగు.

"గోళ్లతో రాశావా?" అన్నాడు స్టెబిన్స్.

"సిరా గడ్డకట్టింది మాస్టారూ."

"మీ నాన్నతో కట్టె తోలించమను," అని ముందుకు వెళ్లిపోయాడు. ఆయన తప్పు లేదు, ఊరి పద్ధతి అది.

మంగళవారమూ అంతే. జడ బాగా సాగింది, రాత ఒక్క అక్షరమూ సాగలేదు. సాయంత్రం మంచులో నడుస్తూ జెరూషా బేరీజు వేసుకుంది. జడ ఇంట్లోనూ అల్లుకోవచ్చు. దాని కోసం బడికి రానక్కర్లేదు. వచ్చింది రాతకు, ఆ రాత పొయ్యి దగ్గర ఉంది.

బుధవారం పొద్దున పొయ్యి దగ్గర బల్ల మీద ఫీబీ గేలార్డ్ జడ ముందేసుకుని ఏడుపు మొహంతో కూర్చుంది. చర్చి పెద్ద డీకన్ గేలార్డ్ కూతురు. ఇంట్లో గడ్డి అల్లాల్సిన అవసరం లేదు. కానీ విట్కమ్ కొట్లో ఒక నీలం రిబ్బన్ చూసింది, అది కావాలంటే జడ అల్లి తెచ్చుకోమంది వాళ్లమ్మ. నోట్లో పెట్టుకుని తడిపినా గడ్డి విరుగుతూనే ఉంది. నాలుక కోసుకుంది కూడా.

మధ్యాహ్నం రొట్టెలు తినేటప్పుడు జెరూషా వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

"అది పొయ్యి పాపం, నీది కాదు. నీ గడ్డి ఎండిపోతోంది. నా దగ్గరది చూడు."

ఫీబీ ఆ జడను వేళ్ల మధ్య వంచి చూసింది. మెలిపెట్టింది. అది చెక్కు చెదరలేదు. "నీది మంచి గడ్డి."

"ఒకే చేను గడ్డే. నాది చల్లటి బల్ల, అంతే. పాఠాలప్పుడు నా పక్కకి వచ్చి కూర్చో. చోటు బోలెడుంది."

"అక్కడా! చచ్చిపోతాను. మా అమ్మ చంపేస్తుంది, లేకపోతే చలి చంపేస్తుంది."

"మీ అమ్మ ప్రార్థన మందిరానికి తెచ్చుకునే కాళ్ల కుంపటి ఉంది కదా. వారమంతా అది మీ ఇంట్లో ఖాళీగానే పడుంటుంది. దాంట్లో నాలుగు నిప్పులేసుకుని తెచ్చావంటే కాళ్లు వెచ్చగా, గడ్డి చల్లగా."

ఫీబీ కళ్లు చిన్నవి చేసింది. "నీకేంటే మరి? ఊరికే చెప్పవు నువ్వు."

"ఊరికే ఎందుకు చెప్తాను? రాత గంటలో నీ చోటు నాకు. ఆ ఒక్క గంటే."

"నేనెక్కడ రాయను?"

"నువ్వు రాస్తావా ఏమైనా? రెండు రోజుల్నుంచీ ఆ గంటంతా కిటికీలోంచి డ్వైట్ గుడేల్ గుర్రాన్నే చూస్తున్నావు."

ఫీబీ చేత్తో నోరు మూసుకుని నవ్వింది. బేరం కుదిరింది.

ఆ సాయంత్రం రాత గంటలో జెరూషా పొయ్యి దగ్గర బల్ల మీద కూర్చుంటే స్టెబిన్స్ కనుబొమలు ముడిచాడు. "ఇది కట్టె తోలినవాళ్ల బల్ల కదా?"

తలుపు పక్క నుంచి ఫీబీ గొంతు వచ్చింది. "కట్టె మా నాన్నది మాస్టారూ, చోటు నాది. నా చోటు నేనొకరికి ఇచ్చుకుంటే కట్టె తక్కువ మండుతుందా?"

మగపిల్లలు గొల్లున నవ్వారు. మాస్టారూ నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగాడు.

సిరా నల్లగా, పల్చగా, మాట విని దిగింది. జెరూషా మొదటి అక్షరాన్ని ఊపిరి బిగబట్టి దించింది. అది కొంచెం వాలింది, పడిపోలేదు. రెండోది దాని పక్కన నిలబడింది. ఆ గంట ఎలా గడిచిందో ఆమెకు తెలియలేదు.

ఇంటికి వెళ్లాకే తెలిసింది. గడ్డకట్టిన సిరాతో రాత సాగనప్పుడు ఆ గంట కూడా జడకే పడేది. ఇప్పుడు అది రాతకు పోయింది. ఫీబీకి పాయలు సర్దడం చూపించడంలో ఇంకొంత పోయింది. గురువారం రాత్రి చెల్లికి దగ్గు. తిర్జా ఒళ్లో చంటివాడు ఉంటే, మూడేళ్ల పిల్లను జెరూషా ఎత్తుకు తిరిగింది. అల్లాల్సిన పూట అలా పోయింది.

శుక్రవారం సాయంత్రం ఆమె ఎవరూ చూడకుండా కొట్టాంలో జడ కొలుచుకుంది. ముక్కు కొస నుంచి చాచిన వేలి కొస దాకా ఒక గజం. ఇరవై ఆరు వచ్చాయి. మళ్లీ కొలిచింది, ముక్కు కాస్త ముందుకు చాచి. ఆవు తల తిప్పి చూసింది. ఇరవై ఆరే.

ఆ మధ్యాహ్నమే ఆమెకు ఆ లెక్క తెలుసు. రాత గంట మొదలయ్యేటప్పుడు, ఇవాళ రాత మానేసి అల్లితే గజం పైన కలిసొస్తుందని తెలుసు. అయినా వెళ్లి పొయ్యి దగ్గరే కూర్చుంది. తన పేరు మొత్తం ఆ రోజే రాసింది, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, కాగితం చిరగకుండా. రేపు ఓడిపోయినా పేరు చేతిలో ఉంటుందనుకుంది. మోసపోయి చేసిన ఖర్చు కాదు అది, తెలిసి చేసినది.

శనివారం బడి లేదు. పొద్దు కుంకితే విశ్రాంతి దినం మొదలవుతుంది. ఆ తర్వాత సూది కదలదు, గడ్డి కదలదు. పాలు పితికి, చిక్కుడు గింజలు పొయ్యిలో పెట్టి, రేపటి పనులూ ముగించాక మిగిలిన కాస్త పొద్దులో జెరూషాకు ఇంకొక్క గజమే తెగింది. అసహెల్ మంచుబండికి గుర్రాన్ని పూన్చి బయటనుంచి కేక వేశాడు.

"నేనూ వస్తాను," అంది తిర్జా. చంటివాడిని అప్పుడే గుడ్డల్లో చుట్టేస్తోంది.

"ఈ చలిలో నువ్వెందుకు?"

"సూదులు చూసుకోవాలి." జెరూషా వైపు తిరిగి, "నువ్వు వెళ్లి మందం మేజోళ్లు వేసుకో. జడ నేను చుట్టి బుట్టలో పెడతాలే," అంది.

బండిలో బుట్ట తిర్జా కాళ్ల దగ్గర ఉంది. దాని మీద శాలువా కొంగు. దారంతా జెరూషా ఆ శాలువానే చూస్తూ కూర్చుంది. మూడు గజాలు తక్కువని ముందే చెప్పాలా, విట్కమ్ నోటి వెంటే రానివ్వాలా అన్నది తేలకుండానే కొట్టు వచ్చేసింది.

షావుకారు విట్కమ్ బల్ల అంచున గజం గజానికి ఇత్తడి మేకులు కొట్టించుకున్నాడు. చుట్ట విప్పి, మేకు నుంచి మేకుకు జడ లాగుతూ పెదవులతో లెక్కపెట్టాడు. ఆయన చేతులు ఎంత వేగంగా పోతాయంటే జెరూషా కళ్లు అందుకోలేకపోయాయి.

"ముప్పై ఒకటి," అన్నాడు.

అసహెల్ గడ్డం నిమురుకున్నాడు. "నిలబెట్టుకున్నావే పిల్లా."

జెరూషా నోరు తెరిచింది. తన దగ్గరున్నది ఇరవై ఏడు. మిగతా నాలుగు ఎక్కడ నుంచి పుట్టాయి?

విట్కమ్ జడను చివరిసారి బొటనవేలితో తడుముకుంటూ వెనక్కి వచ్చాడు. వేలు ఒకచోట ఆగింది. అక్కడ జడను వెలుతురులోకి ఎత్తి చూశాడు.

"ఇందులో రెండు చేతులున్నాయి అసహెల్. ఇదిగో, ఇక్కడి దాకా పాయలు కుడికి వాలుతున్నాయి. ఇక్కడి నుంచి ఎడమకి. టోపీలో కుడితే అతుకు దగ్గర వంకర తేలుతుంది. బోస్టన్ వాళ్లు నా మొహాన కొడతారు."

అసహెల్ మొహం మారింది. "ఎవరి దగ్గర తెచ్చావ్? ఆ డీకన్ కూతురిదా?"

"లేదు నాన్నా. నావి ఇరవై ఏడే. మూడు తగ్గాయి. రాత గంటల్లో పోయాయి. మిగతావి ఎవరివో నిజంగా నాకు తెలియదు."

చెబుతూనే ఆమె చూపు తిర్జా మీదికి పోయింది. పిల్లాడి వీపు మీద వేసిన ఎడమచేయి. బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. గడ్డి అంచు కోసినప్పుడు అందరూ చుట్టుకునే పేలికే. తిర్జా చెంచా పట్టేది, కత్తి పట్టేది ఎడమచేత్తో.

"నావి," అంది తిర్జా.

అసహెల్ భార్య వైపు తిరిగాడు. "నీకు గడ్డి పని రాదన్నావుగా?"

"రాదనలేదు. నా జడ ఎవరూ కొనరన్నాను. నా చేయి వాటం వేరు. ఎవరి దాంతో కలిపినా చెడగొడుతుంది. ఇప్పుడూ అదే చేశాను, పిల్ల కష్టం కూడా పాడుచేశాను." పిల్లాడిని భుజం మీద సర్దుకుంది. "గురువారం చుట్ట కొలిచి చూశాను. తగ్గేట్టు కనపడింది."

"నీకు తీరికెక్కడిది పిన్నీ?" అంది జెరూషా. "తొట్టి ఎవరు ఊపారు?"

"కాలితో ఊపాను. ఆదివారం నేనడిగింది అందుకేగా. మీరెవరూ చెప్పలేదు, నేనే దారి చూసుకున్నాను."

విట్కమ్ కత్తెర తీసి అతుకు దగ్గర కత్తిరించాడు. చిన్న ముక్కను వేళ్లకు చుట్టి నలిపి చూశాడు, వెలుతురుకు పట్టి చూశాడు. మనిషి వ్యాపారి, చెడిన సరుకు మీద అంతసేపు వేళ్లుంచడు.

"అమ్మా, ఇది చెడ్డ జడ కాదు. పిల్ల అల్లినదానికంటే బిగువుగా ఉంది. కలపకూడదు, అంతే. ఒక టోపీకి సరిపడా మొత్తం ఇదే వాటంలో తెండి, విడిగా తీసుకుంటాను. ఎడమకి వాలినా, టోపీ అంతా ఒకే వాలుంటే ఎవరు కనిపెడతారు?"

"తీసుకుంటారా?" అంది తిర్జా. ఆమె గొంతులో అంత చిన్నపిల్ల ఉంటుందని జెరూషాకు తెలియదు.

"ఎందుకు తీసుకోను?"

తిర్జా తన ఎడమచేతిని తిప్పి చూసుకుంది. "నాకు పన్నెండేళ్లప్పుడు మా ఊళ్లో ఒకాయన రాత చెప్పాడు. ఈ చేత్తో కలం పట్టానని దీన్ని నడుముకు కట్టేశాడు. కుడిచేత్తో ఒక్క అక్షరమూ పడలేదు. చలికాలం అయిపోయాక కట్టు విప్పారు."

కొట్లో పొయ్యి చిటపటలాడింది. అసహెల్ మేకుల మీద పరిచి ఉన్న జడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"ఒక్క గజం తగ్గినా అన్నాను," అన్నాడు మెల్లగా.

"అన్నావు నాన్నా. నేను ఒప్పుకున్నాను." జెరూషా తల ఎత్తే ఉంచింది.

"ఏమయ్యా అసహెల్," అన్నాడు విట్కమ్, "ఇంటినుంచి ఒక జడ వచ్చేచోట రెండు జడలు వస్తుంటే ఆ మొహమేమిటి? ఎవరైనా పోయారా?"

"మొహానికేం. లెక్క చూసుకుంటున్నాను."

"నేనొక మాట చెప్తాను," అంది తిర్జా. నలుగురిలో మొగుడికి ఎదురు మాట్లాడడం ఆమెకు అదే మొదలు. "దీని జడ తగ్గింది మూడు గజాలు. తొట్టి కాలితో ఊపుతూ నేను అల్లింది నాలుగు. వారమంతా అల్లితే ఇంకా వస్తుంది. పిల్లను ఇంట్లో కూర్చోబెడితే ఆ మూడు మిగులుతాయి, నావి పోతాయి. అది ఇంట్లో ఉంటే నేనెందుకు అల్లుతాను?"

విట్కమ్ పెద్దగా నవ్వాడు. "ఈమెను కొట్లో కూర్చోబెట్టాలయ్యా!"

అసహెల్ మొహంలో ముందు కళ్లు నవ్వాయి, తర్వాత గడ్డం కదిలింది. "సరే. నేనడిగింది ఇంటికి తక్కువ కాకూడదని. తక్కువ కావడం లేదు. సోమవారం ఒక బండి మేపుల్ కట్టె బడికి తోలిస్తాను, ఎండినది. ఇక ఆ తలుపు దగ్గర కూర్చోకు."

"తలుపు దగ్గరే కూర్చుంటాను నాన్నా."

"ఏమిటి?"

"గడ్డికి ఆ బల్లే మంచిది. అక్కడ విరగదు."

"మరి కట్టె దేనికి, దండగ?"

"రాత గంటకి. అప్పుడు పొయ్యి దగ్గర నా సొంత చోటుంటుంది. ఫీబీ చోటు ఫీబీకి ఇచ్చేయొచ్చు. కుంపటి మాత్రం తెమ్మంటాను."

అసహెల్ ఈసారి భార్య వైపు చూసి, "ఇది ఎవరి పోలికో," అన్నాడు. తిర్జా తల వంచి పిల్లాడి టోపీ సర్దింది, కానీ నవ్వు దాగలేదు.

ఇక నుంచి రెండు జడలు కలవకుండా చుట్టకో చీటీ కట్టాలన్నాడు విట్కమ్. కలం, సిరా ముందుకు తోశాడు. పెద్ద చుట్ట చీటీ మీద జెరూషా తన పేరు రాసింది. వాలుగా, నిదానంగా. అసహెల్ ఆమె భుజం మీంచి వంగి చూశాడు. తడి ఆరేదాకా ఆ చీటీని ఆయనే పట్టుకు నిలబడ్డాడు.

రెండో చీటీ ముందుకు రాగానే తిర్జా, "నువ్వే రాసెయ్," అంది.

"రాయను పిన్నీ. నువ్వే గుర్తు పెట్టు."

తిర్జా కలాన్ని కుడిచేత్తో తీసుకుంది, ఒక్క క్షణం ఆగి ఎడమచేతిలోకి మార్చుకుంది. చీటీ మీద ఒక అడ్డగీత, ఒక నిలువుగీత పెట్టింది.

"ఆ గుర్తు ఈ చలికాలం వరకే," అంది జెరూషా. "బడిలో నేను పగలు నేర్చుకున్నది సాయంత్రం నీకు. నువ్వు అల్లు, నేను రాయిస్తాను. ఏ చేత్తో రాసినా ఇంట్లో అడిగేవాళ్లు లేరు."

"ఉన్నారేమో," అంది తిర్జా, అసహెల్ వైపు ఓరగా చూస్తూ.

"నన్నెందుకు లాగుతారు మధ్యలో? ఎక్కండి, పొద్దు వాలుతోంది," అన్నాడాయన.

ఉప్పు, పాకం జాడీ, సూదుల పొట్లం బండిలోకి ఎక్కాయి. కొండ మీద ఎండ పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతోంది. గుర్రం ఇంటి దారి పట్టి పరుగందుకుంది. చంటివాడు తిర్జా ఒళ్లోంచి జెరూషా ఒళ్లోకి వచ్చాడు. తిర్జా చేతితొడుగు తీసి, బండి పలక మీద పేరుకున్న పొడి మంచులో ఎడమచేతి చూపుడువేలితో ఒక నిలువుగీత గీసింది, దాని నెత్తిన ఒక అడ్డగీత పెట్టింది. బైబిల్ అచ్చులో ఎన్నోసార్లు చదివిన తన పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరం, T. గాలికి సగం చెరిగింది. మళ్లీ గీసింది.

ఆ వారం మొదట జెరూషాకు దక్కిన వాటా ఒక చల్లటి బల్ల, గడ్డకట్టిన సిరా. వారం ముగిసేసరికి ఆ బల్ల ఆమె కోరుకున్న చోటయింది. పొయ్యి దగ్గర గంటసేపు సొంత హక్కు, కాళ్ల కింద కుంపటి, పక్కన కబుర్లు చెప్పే ఫీబీ. తన పేరు తన చేతిలో. ఇన్నాళ్లూ ఎదురు పక్షమనుకున్న మనిషి తన పక్షాన. ఇవన్నీ రాబడి. పోయింది మూడు గజాల జడ.

అలాంటి బేరం మళ్లీ ఎవరైనా పెడితే ఆమె రెండోమాట లేకుండా ఒప్పుకుంటుంది.